క్లోరిన్ చంపినవి, క్లోరిన్ పుట్టించినవి: మన తాగునీటి పరీక్షల చరిత్ర

1974 అనగానే మన నోట్సులో ఒక్క పాయింటే ఉంటుంది. జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం. నీరు రాష్ట్ర జాబితా అంశం కాబట్టి పార్లమెంటు 252వ అధికరణం దారిలో వెళ్లింది, ఆ చట్టం కిందే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వచ్చింది. ప్రిలిమ్స్‌కి ఇది సరిపోతుంది. మెయిన్స్‌కి మాత్రం అదే ఏడాది ప్రపంచంలో జరిగిన ఇంకో రెండు సంగతులు పక్కన పెట్టుకుని చూడండి, తాగునీటి మీద రాసే ఏ జవాబుకైనా కొత్త కోణం దొరుకుతుంది.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగర నీటి సరఫరా సంస్థలో యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త పనిచేసేవాడు. మూత బిగించిన సీసాలో నీటికి పైన ఉండే ఖాళీలో చేరిన ఆవిరిని గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌లోకి పంపి చూశాడు. నది నుంచి వచ్చిన నీటిలో కంటే, శుద్ధి చేసి క్లోరిన్ కలిపిన నీటిలో క్లోరోఫారం ఎక్కువగా కనిపించింది. అంటే అది ఏ ఫ్యాక్టరీ నుంచో మాత్రమే వచ్చింది కాదు, శుద్ధి ప్లాంటులోనే పుడుతోంది. ఆకులు, నాచు, మట్టి కుళ్లి నీటిలో కరిగే సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసి చేస్తున్న పని అది. రూక్ ఈ ఫలితాలను 1974లో ప్రచురించాడు. అదే ఏడాది అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థలో బెల్లార్, లిక్టెన్‌బర్గ్, క్రోనర్ విడిగా ఇదే విషయాన్ని కనుగొన్నారు. మిసిసిపీ నది నీళ్లు తాగే న్యూ ఆర్లియన్స్ నగరంలో సేంద్రియ రసాయనాలు ఉన్నాయన్న నివేదికలు నవంబరులో బయటికొచ్చాయి. డిసెంబరులో అధ్యక్షుడు ఫోర్డ్ సురక్షిత తాగునీటి చట్టం మీద సంతకం చేశాడు.

మన చట్టం నది గురించి. వాళ్ల చట్టం కుళాయి గురించి. రెండూ ఒకే ఏడాదివి. మన దగ్గర కుళాయి నీటి నాణ్యత మీద అలాంటి కేంద్ర చట్టం ఇప్పటికీ లేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తుంది.

ముందు క్లోరిన్‌కు న్యాయం చేయాలి. కొన్ని జవాబుల్లో "క్లోరిన్ వల్ల క్యాన్సర్ వస్తుంది, కాబట్టి ప్రత్యామ్నాయాలు చూడాలి" అని ఒక్క ముక్కలో రాసేస్తుంటారు. చరిత్ర తెలియకుండా రాసిన వాక్యం అది. మన ఉపఖండం కలరా పుట్టిల్లు. రాబర్ట్ కాక్ 1884లో కలకత్తాలో కలరా బ్యాక్టీరియాను వేరుచేశాడు. 1890లలో ఆగ్రాలో ప్రభుత్వ కెమికల్ ఎగ్జామినర్‌గా ఉన్న హ్యాంకిన్, కలరా వచ్చినప్పుడు ఊరి బావుల్లో పొటాషియం పర్మాంగనేట్ వేయించే పద్ధతిని ముందుకు తెచ్చాడు. నీరు లేత గులాబీ రంగులో నిలిస్తే మందు సరిపోయినట్టు. ప్రయోగశాల అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

ఆ తర్వాత బ్లీచింగ్ పౌడర్ వచ్చింది. 1905లో ఇంగ్లండ్‌లోని లింకన్, 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ నిరంతర క్లోరినేషన్‌కు తొలి మెట్లు. బావికి ఎంత పౌడర్ వేయాలో తేల్చడానికి బ్రిటిష్ సైనిక వైద్యుడు హారాక్స్ ఒక చిన్న పెట్టె తయారుచేశాడు. మన దేశంలో కమ్యూనిటీ మెడిసిన్ విద్యార్థులు ఇప్పటికీ దీన్ని నేర్చుకుంటారు. ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు, రెండు చెంచాలు, స్టార్చ్ అయొడైడ్ ద్రావణం. నల్ల కప్పులో చేసిన బ్లీచింగ్ ద్రావణాన్ని తెల్ల కప్పుల్లోని బావి నీటికి మొదటిదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా వేసి అరగంట ఆగుతారు. తర్వాత సూచిక వేస్తే ఏ కప్పులో మొదట నీలం కనిపిస్తుందో అదే లెక్క. మూడో కప్పులో కనిపిస్తే 455 లీటర్ల నీటికి మూడు చెంచాలు, అంటే 6 గ్రాముల పౌడర్. పంచాయతీ సిబ్బంది చేతిలో చూసే క్లోరోస్కోప్ కూడా ఇదే కుటుంబం. అందులో రంగు పసుపు.

ఈ మూడు పరీక్షల్లో ఒక పోలిక ఉంది. గులాబీ, నీలం, పసుపు... అన్నీ అడిగే ప్రశ్న ఒకటే: వేసిన మందు ఇంకా మిగిలి ఉందా? ఆ మందు నీటిలో ఇంకేమైనా తయారుచేసిందా అని ఏదీ అడగదు. అడగాల్సిన అవసరం అప్పుడు లేదు కూడా. ఊరు కలరాతో ఖాళీ అవుతున్నప్పుడు ముప్ఫై ఏళ్ల తర్వాతి ముప్పు గురించి ఎవరూ ఆలోచించరు. కానీ ఒకసారి పరీక్ష అలవాటయ్యాక, అది అడిగే ప్రశ్నే మన ఆలోచనకు కూడా హద్దు అయిపోతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

మిగులు క్లోరిన్ ఉంటే నీరు మంచిదే అన్న నమ్మకానికి మన దేశంలోనే గట్టి దెబ్బ తగిలింది, అదీ రూక్ కంటే దాదాపు 20 ఏళ్ల ముందు. 1955 వర్షాకాలం వరదల తర్వాత ఢిల్లీ దగ్గర యమున పాయ దారి మారింది. నజఫ్‌గఢ్ కాలువ మురుగు వెనక్కి తన్ని వజీరాబాద్ పంపింగ్ స్టేషన్ నీరు తోడుకునే చోటికి చేరింది. నీటిలో తేడాను ప్లాంటు సిబ్బంది గమనించారు, ఆలం, క్లోరిన్ మోతాదులు పెంచారు. ఫలితం విచిత్రం. టైఫాయిడ్, విరేచనాలు పెరగలేదు. బ్యాక్టీరియా విషయంలో క్లోరిన్ తన పని తాను చేసింది. కానీ 1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో నగరంలో సుమారు 29,300 మందికి కామెర్లు సోకాయి. గర్భిణులు ఎక్కువగా చనిపోయారు. అప్పుడు దాన్ని మామూలు అంటు కామెర్లుగానే చూశారు. దాచిపెట్టిన రక్త నమూనాలను తర్వాతి దశాబ్దాల్లో పరీక్షించాక అది హెపటైటిస్-ఏ కాదని, ఇప్పుడు మనం హెపటైటిస్-ఇ అంటున్న వైరస్ అని తేలింది.

వజీరాబాద్ ఉదంతాన్ని పబ్లిక్ హెల్త్ పుస్తకాలు వైరస్ పాఠంగా చెబుతాయి. నాకు మాత్రం అది ముడినీటి పాఠంలా కనిపిస్తుంది. తోడుకునే నీరు చెడిపోయినప్పుడు మోతాదు పెంచి సరిచేసుకోవచ్చనుకోవడం, ఆ సర్దుబాటులో ఏం తప్పించుకుపోతోందో, ఏం కొత్తగా పుడుతోందో తెలియకపోవడం. 1955లో తప్పించుకున్నది వైరస్. పుట్టినదాన్ని చూసే పరికరం అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

ఆ పుట్టేవాటిలో ముఖ్యమైనవి ట్రైహాలోమీథేన్లు. నాలుగు: క్లోరోఫారం, బ్రోమోడైక్లోరోమీథేన్, డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫారం. నీటిలో బ్రోమైడ్ ఉంటే బ్రోమిన్ రకాలు పెరుగుతాయి. అందుకే సముద్రపు ఉప్పునీరు చొచ్చుకొచ్చే తీర ప్రాంతాలకు ఇది ప్రత్యేక సమస్య. వీటితోపాటు హాలోఎసిటిక్ ఆమ్లాలు. క్లోరోఫారం ఎలుకల్లో క్యాన్సర్ కలిగించిందని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1976లో ప్రకటించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2బి వర్గంలో పెట్టింది, అంటే మనుషులకు క్యాన్సర్ కారకం కావచ్చు, సాక్ష్యం పరిమితం. ఈ "కావచ్చు"ను జవాబులో వదిలేయకండి. వదిలేస్తే భయపెట్టే వాక్యం అవుతుంది తప్ప సైన్స్ కాదు.

అమెరికా 1979లో నాలుగింటి మొత్తానికి లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది, 10 వేల మందికి మించి నీరిచ్చే వ్యవస్థలకే. 1998లో 80కి తగ్గించి, అయిదు హాలోఎసిటిక్ ఆమ్లాలకు 60 పెట్టింది. ఈ అంకెల కంటే 2006 సవరణ నాకు ఆసక్తికరం. అంతకుముందు ఊరంతటి నమూనాల సగటు తీసేవారు. 2006 నుంచి ప్రతి నమూనా కేంద్రానికీ విడిగా ఏడాది సగటు చూడాలన్నారు.

ఎందుకంటే ఈ రసాయనాలు పైపులో కూడా పుడుతూనే ఉంటాయి. ప్లాంటు నుంచి బయల్దేరిన నీటిలో క్లోరిన్ గంటగంటకూ తగ్గుతుంది, ట్రైహాలోమీథేన్లు గంటగంటకూ పెరుగుతాయి. వేడి ఎక్కువైతే, పీహెచ్ పెరిగితే ఇంకా వేగంగా. కాబట్టి ప్లాంటు పక్కింటి కుళాయిలో క్లోరిన్ వాసన ఘాటుగా ఉంటుంది, ట్రైహాలోమీథేన్లు తక్కువ. ఊరి చివర కాలనీలో వాసనే ఉండదు, అవి ఎక్కువ. ముక్కు చెప్పేదానికి సరిగ్గా తలకిందులు. ఊరి సగటు తీస్తే ప్లాంటు దగ్గరి ఇళ్లు చివరి కాలనీని కప్పేస్తాయి. మన నగరాల్లో పైపు చివర ఎవరుంటారో నేను చెప్పక్కర్లేదు. పర్యావరణ న్యాయం అనే మాటకు ఉదాహరణ కావాలంటే ఇంతకన్నా స్పష్టమైనది దొరకదు.

ఇక మన దగ్గర. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 మొదట 1983లో వచ్చింది, 1991లో, 2012లో సవరించారు. 2012 ప్రతిలో నాలుగు ట్రైహాలోమీథేన్లకూ విడివిడిగా పరిమితులున్నాయి. లీటరుకు క్లోరోఫారం 0.2 మిల్లీగ్రాములు, బ్రోమోఫారం 0.1, డైబ్రోమోక్లోరోమీథేన్ 0.1, బ్రోమోడైక్లోరోమీథేన్ 0.06. మిగులు క్లోరిన్ కనీసం 0.2. క్లోరోఫారం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటి మార్గదర్శక విలువ 0.3, అంటే మన అంకె దానికంటే కఠినం. కాగితం మీద మనం వెనకబడి లేము.

మరి కొలవడం? 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో అయిదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో పరీక్షలు నేర్పాలన్నారు. నిజంగా మంచి ఆలోచన. కిట్‌లో పీహెచ్, మడ్డి, కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, మిగులు క్లోరిన్ లాంటివి రంగు చూసి చెప్పేయొచ్చు. హ్యాంకిన్ గులాబీ బావికి ఇది మునిమనవరాలు. ట్రైహాలోమీథేన్లు మాత్రం ఇలా రంగుకు దొరకవు. వాటికి 40 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా కావాలి. క్లోరిన్ చర్య అక్కడికక్కడే ఆగిపోవడానికి అందులో ముందే సోడియం థయోసల్ఫేట్ వేయాలి. లేదంటే సీసాలోనే ఇంకా తయారవుతూ ల్యాబ్‌కు చేరేసరికి అంకె పెరిగిపోతుంది. నీటిని అంచుదాకా, ఒక్క గాలి బుడగ లేకుండా నింపాలి, బుడగ ఉంటే క్లోరోఫారం అందులోకి ఆవిరైపోయి అంకె తగ్గుతుంది. ఐసులో పెట్టి పంపాలి. 14 రోజుల్లోపు గ్యాస్ క్రోమటోగ్రాఫ్ మీద నడపాలి. జిల్లా ల్యాబ్‌లో ఆ పరికరం ఉన్నా, దాన్ని నడిపే మనిషి, దానికి కావాల్సిన గ్యాస్ సిలిండర్లు, ప్రామాణిక ద్రావణాలు ఏడాది పొడవునా ఉండాలి. పరిమితి రాయడానికి ఒక కమిటీ చాలు. కొలవడానికి ఒక వ్యవస్థ కావాలి.

పైగా ఐఎస్ 10500 నగర నీటి సరఫరా సంస్థల మీద చట్టంగా పడదు. 2019 నవంబరులో భారత ప్రమాణాల బ్యూరో రాజధాని నగరాల కుళాయి నీటిని పరీక్షించి ఫలితాలు ప్రకటించింది. ముంబయి 10 నమూనాలూ నెగ్గాయి. ఢిల్లీ 11 నమూనాలూ 28 అంశాల్లో 19 చోట్ల తప్పాయి. ఢిల్లీ ప్రభుత్వం ఆ ఫలితాలను ఒప్పుకోలేదు, పెద్ద రాజకీయ రగడ అయింది. ప్రమాణాన్ని తప్పనిసరి చేయాలని అప్పటి కేంద్ర మంత్రి రామ్ విలాస్ పాశ్వాన్ అన్నారు. ముంబయికి నీళ్లు ఎక్కువగా అడవుల మధ్య సరస్సులు, దూరపు జలాశయాల నుంచి వస్తాయి. ఢిల్లీకి యమున ఉంది. ర్యాంకుల గురించి రాసినవాళ్లు ఈ ముక్క పెద్దగా పట్టించుకోలేదు.

యమున దగ్గరికే మళ్లీ వెళ్దాం. దాదాపు ప్రతి చలికాలం ఒక వార్త చదువుతారు: అమోనియా పెరిగి వజీరాబాద్, చంద్రావల్ ప్లాంట్లు ఉత్పత్తి తగ్గించాయి. సుమారు 1 పీపీఎం దాటితే అవి చేతులెత్తేస్తాయి. కారణం సివిల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు తెలుసు, బ్రేక్‌పాయింట్ గ్రాఫ్ గీయని సెమిస్టర్ ఉండదు. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌ను వదిలించడానికి సిద్ధాంతం ప్రకారం 7.6 మిల్లీగ్రాముల క్లోరిన్, ఆచరణలో 8 నుంచి 10 కావాలి. అమోనియా నేరుగా ట్రైహాలోమీథేన్‌గా మారదు, ఇది జాగ్రత్తగా రాయండి. కానీ అది నదిలోకి చేరిన మురుగు, పారిశ్రామిక వ్యర్థాల ఆనవాలు. ఆ మురుగుతోపాటే సేంద్రియ పదార్థమూ వస్తుంది. బ్రేక్‌పాయింట్ దాటేదాకా క్లోరిన్ పోస్తే, దాటాక మిగిలిన స్వేచ్ఛా క్లోరిన్ ఆ సేంద్రియ పదార్థం మీద పడుతుంది. ఢిల్లీ జల మండలి హర్యానాపై వేసిన పిటిషన్‌ను వింటూ సుప్రీంకోర్టు 2021 జనవరిలో కలుషిత నదుల సమస్యను, యమునతో మొదలుపెట్టి, తనంతట తానే విచారణకు తీసుకుంది. సమాఖ్య వివాదంగా మీరు చదివే ఈ కేసు వెనక ఉన్న రసాయనం ఇదీ.

క్లోరిన్ తగ్గించేస్తే సరిపోతుందా? ఇక్కడ పెరూ కథ చెబుతుంటారు. 1991లో అక్కడ కలరా విరుచుకుపడి ఆ ఏడాదే 3 లక్షలకు పైగా కేసులు, 3 వేలకు దగ్గరగా మరణాలు వచ్చాయి. క్యాన్సర్ భయంతో అధికారులు క్లోరిన్ ఆపేశారని ఒక వాదన బాగా ప్రచారమైంది. దాన్ని తర్వాత చాలామంది ప్రశ్నించారు, పాత పైపులు, డబ్బులేని మున్సిపాలిటీలే అసలు కారణమన్నారు. కాబట్టి దాన్ని తిరుగులేని ఉదాహరణగా రాయొద్దు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ వైఖరి స్పష్టమే: ఉప ఉత్పత్తులను తగ్గించే ప్రయత్నంలో క్రిమిసంహారం మీద రాజీ పడకూడదు. మన నగరాల్లో రోజుకు గంటో రెండు గంటలో నీళ్లొస్తాయి, మిగతా సమయం ఖాళీ పైపు చుట్టూ ఉన్న మురుగును లోపలికి లాక్కుంటుంది. మిగులు క్లోరిన్ లేకపోతే ఆ పూట జబ్బే. ఓజోన్‌కు మారితే నీటిలో బ్రోమైడ్ ఉన్నచోట బ్రోమేట్ పుడుతుంది, అదీ క్యాన్సర్ జాబితాలోదే. నిరపాయమైన మందు లేదు. చేయగలిగింది క్లోరిన్ కలిపే ముందే సేంద్రియ పదార్థాన్ని తీసేయడం. ఆలంతో మెరుగ్గా తేర్చడం, మొదట్లోనే క్లోరిన్ పోసే అలవాటు మానుకుని తేరిన తర్వాత పోయడం, అవసరమైతే యాక్టివేటెడ్ కార్బన్. అన్నిటికన్నా చవకైనది ముడినీటిలోకి మురుగు రానివ్వకపోవడం.

పరీక్షించని విషం కనిపించదన్నదానికి మన ఉపఖండంలో పెద్ద సాక్ష్యం బంగ్లాదేశ్. చెరువుల నీటితో వచ్చే జబ్బుల నుంచి కాపాడదామని 1970ల నుంచి లక్షల గొట్టపు బావులు వేశారు. అందులో ఆర్సెనిక్ ఉందని 1993లో ధ్రువపడింది. అప్పటికే పక్కన పశ్చిమ బెంగాల్‌లో డాక్టర్ కె.సి.సాహా 1983లోనే ఆర్సెనిక్ చర్మవ్యాధులను గుర్తించారు. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే బంగ్లాదేశ్ భూగర్భ జలాలను పరిశీలించింది, ఆర్సెనిక్‌కు మాత్రం పరీక్ష చేయలేదు. బాధితుల తరఫున లండన్‌లో కేసు నడిచింది, 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. ఆర్సెనిక్ భూమిలోది, ట్రైహాలోమీథేన్ ప్లాంటులోది. ప్రమాద తీవ్రతలోనూ పోలిక లేదు. కానీ ఒక జబ్బుకు విరుగుడుగా తెచ్చిన నీటిలో రెండో ప్రశ్న అడగడం మర్చిపోవడం రెండింటిలోనూ ఒకటే.

ఇక రాజ్యాంగ కోణం. స్వచ్ఛమైన నీరు 21వ అధికరణంలో భాగమని 1991 సుభాష్ కుమార్ కేసు అందరూ రాస్తారు. దానికి మన హైదరాబాద్ కేసును జోడించండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లకు 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలు, పెద్ద నిర్మాణాలు వద్దంటూ 1996లో జీవో 111 వచ్చింది. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమకు అనుమతి విషయంలో కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి.నాయుడు కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. జస్టిస్ జగన్నాథరావు 1999 తీర్పులో ముందుజాగ్రత్త సూత్రాన్ని, హాని లేదని నిరూపించే భారం పరిశ్రమదేనన్న సూత్రాన్ని వివరించారు. 2000 డిసెంబరు తీర్పు, నిషేధం నుంచి ఒక్క పరిశ్రమకు ప్రభుత్వం మినహాయింపు ఇవ్వడం చెల్లదంది. ముందుజాగ్రత్త సూత్రానికి ఈ కేసును రాస్తాం కానీ, అది తాగునీటి ముడినీటిని కాపాడిన తీర్పు అన్నది తక్కువమంది రాస్తారు.

2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆంక్షలను తొలగిస్తూ జీవో 69 ఇచ్చింది. నగరానికి కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయని, ఈ రెండూ ఇప్పుడు ప్రధాన వనరులు కావని వాదన. జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదని షరతు కూడా ఉంది. ఆ షరతును ఏ పరీక్షతో, ఏ కుళాయి దగ్గర, ఏడాదికి ఎన్నిసార్లు చూడాలో జీఎస్ పేపర్-2 కోణంలో 250 పదాల్లో రాసి చూడండి.